అతకని చరణం

గురువమ్మ పాటలను ఎవరూ మార్చలేని చోట దాచాలని పరశురాములు పట్టు పట్టాడు.

అతడు హైదరాబాదులో కంప్యూటరు పని చేసేవాడు. సెలవు దొరికితే చాలు, మెదక్ దాటాక గుట్ట కింద ఉన్న మఠానికి వచ్చి గురువమ్మ వీరలచ్చమ్మ దగ్గర కూర్చునేవాడు. ఆమె కట్టిన తత్వాలు ఏ కాగితం మీదా లేవు. ఈ మధ్య ఆమె పొద్దున తిన్నది మధ్యాహ్నానికి మరిచిపోతోంది. రేపు ఆమె లేని రోజున తలా ఒక మాట మార్చి పాడితే, అసలు పాట ఏదో చెప్పేవాళ్లుండరు. అదీ అతని భయం.

అందుకే బ్లాక్‌చెయిన్‌తో ఒక యాప్ తయారు చేశాడు. అందులో పాట ఒక్కచోట ఉండదు, పాడేవాళ్లందరి ఫోన్లలోనూ ఉంటుంది. ప్రతి చరణం తన ముందు చరణం గుర్తును మోస్తుంది. ఎవరైనా ఒక్క అక్షరం మార్చినా తర్వాతది అతకదు. మోసం అక్కడే బయటపడుతుంది.

అంతా బాగుంది, వాడేవాళ్లే లేరు.

మఠంలో పాడేవాళ్లను కూర్చోబెట్టి నోడు అన్నాడు, హాషు అన్నాడు, ఇంకేవో కంప్యూటరు మాటలన్నాడు. మనిషికి పన్నెండు రహస్య పదాలు ఇచ్చి, "ఇవే మీ తాళంచెవి. ఎవరికీ చెప్పొద్దు, మరిచిపోవద్దు" అన్నాడు.

మరిచిపోకుండా ఉండటానికి, పాడేవాళ్లలో ముసలిదైన బుదవ్వకు తెలిసిన దారి ఒక్కటే. తన పన్నెండు పదాలకూ రాగం కట్టింది. మర్నాటికి మఠమంతా వాటిని గొంతు కలిపి పాడుతోంది.

"బుదవ్వా, అది రహస్యం గద!" పరశురాములు నెత్తి కొట్టుకున్నాడు.

"మేమెవ్వలకు జెప్తం? ఊకె పాడుకుంటున్నం," అంది బుదవ్వ. "నీ పదాలల్ల పస లేదు గని, రాగం కుదిరింది."

అతడు వెళ్లి గురువమ్మ ముందు కూలబడ్డాడు.

"అమ్మా, ఇంకెంత సులువుగ చెప్పాలె వీళ్లకు? నాతోని అయితలేదు."

"పాట యాళ్లైంది," అంది ఆమె. "వచ్చి వరుసల కూసో."

ఆ మఠంలో ఒక పద్ధతి ఉంది. ఒక్కొక్కరు ఒక్కో చరణం పాడతారు. ముందువాళ్లు ఏ మాటతో ఆపితే, పక్కవాళ్లు ఆ మాటతోనే ఎత్తుకోవాలి.

గురువమ్మ మొదలుపెట్టింది.

"కడవ నిండా నీళ్లు, నీళ్ల నిండా నింగి,
నింగి తొణకని దాక నీదేనే బతుకు."

పక్కనున్న ఖాసింసాబు నోరు తెరిచాడు. 'బతుకు'తో ఎత్తుకునే చరణం అతనికి లేదు. మూసుకున్నాడు. మద్దెల ఆగింది. చిడతలు ఆగాయి.

తప్పు అని ఎవరూ అనలేదు. ఎవరూ ఎవరి ముఖమూ చూడలేదు. గోడకానుకుని కళ్లు మూసుకున్న ముసలాయన, బిడ్డకు పాలిస్తున్న తల్లి, పళ్లు లేని బుదవ్వ, అందరి నోటా ఒక్కసారే వచ్చింది.

"నీదేనే నడక."

ఎవరు ముందన్నారో తెలియలేదు. ఆ మాట గోడల్లోంచి వచ్చినట్టు, నేలలోంచి వచ్చినట్టు ఉంది. ఖాసింసాబు వెంటనే అందుకున్నాడు, "నడక నేర్పినవాడు నా ఎంట రాడాయె..." పాట అతని నుంచి పక్కకు, అక్కడి నుంచి ఇంకో పక్కకు సాగిపోయింది.

పరశురాములు చుట్టూ చూశాడు. తన నోరు తెరిచే ఉంది. ఆ మాట తాను కూడా అన్నాడని అప్పుడు తెలిసింది.

పాటలయ్యాక అందరూ లేచి వెళ్లారు. అతడు గురువమ్మ పక్కనే ఉండిపోయాడు.

"రేపు నీ ఫోన్ల వీళ్లను ఏమడుగుతవ్?" అంది ఆమె.

"పాడమంటనమ్మా. గంతే. మిగిలిన తిప్పలన్నీ యంత్రం పడనీ."

ఆమె తల ఊపింది.

"ఎంత మంచిగ చూపెట్టినవమ్మా! నాకోసమే గద, కావాలని తప్పు పాడినవ్?" అన్నాడు పరశురాములు.

గురువమ్మ అతని వైపు చూసింది. ఆ కళ్లలో చిన్నపిల్ల ఆశ్చర్యం ఉంది.

"లేదు బిడ్డా, నిజంగనే మరిచిన. వాళ్లు అందుకున్నంక ఇన్న. ఎవలు కట్టిన్రో గని, ఎంత మంచిగున్నది ఆ పాట!"