రెక్క కింద దావూదు సరంగు

ఆదివారం ఎగరాలి. శుక్రవారం పొద్దున్న, ఎగరడానికి తాను కట్టుకున్న వెదురు రెక్కను తడిమి చూసుకుంటుంటే జోగినాయుడి వేలికి పగులు తగిలింది.

పక్కనుండే చిన్న బద్దల్లో అయితే సరిపెట్టుకోవచ్చు. ఈ పగులు ఆ కొస నుంచి ఈ కొస దాకా బరువంతా మోసే పెద్ద వెదురులో ఉంది. కుడిపక్కన, జానెడు పొడవున.

కొత్త వెదురు కొండ మీంచి దించి, నీడన ఆరబెట్టి, మళ్ళీ గుడ్డ కుట్టేసరికి రెండు నెలలు పడుతుంది. ఈలోగా వానలొస్తాయి, సముద్రపు గాలి తిరిగిపోతుంది. ఇంక ఈ ఏడాదికి ఎగరడం లేనట్టే. పైగా భీమిలి ఎర్రమట్టి దిబ్బల మీంచి గాల్లోకి లేస్తానని ఊళ్ళో కనబడ్డ ప్రతివాడికీ చెప్పుకున్నాడాయె. కాబోయే మామగారు బండి కట్టించుకుని మరీ వస్తానన్నారు.

అందుకని మనవాడు పగులు మీద దారం బిగించి, బంక పూసి, పైన గుడ్డ అతికించేశాడు. ఆరాక వార్నీషు కొట్టాడు. పెళ్ళికూతురి బుగ్గలా నున్నగా తయారైంది. బతికినా చచ్చినా నేనే కదా అనుకున్నాడు. దాన్నే ధైర్యమని కూడా అనుకున్నాడు, పాపం.

అతనికి ఎగరడం నేర్పుతున్నది దావూదు సరంగు. నలభై ఏళ్ళు ఓడల్లో కళాసీల పెద్దగా తిరిగి, తెరచాపలు కుట్టి కుట్టి, గాలి ఎప్పుడు మళ్ళుతుందో ఒంటితోనే చెప్పగల ముసలాయన. ఇంజను మాటే లేకుండా, ఒట్టి వెదురూ గుడ్డా కట్టుకుని దిబ్బ మీంచి దూకి గాల్లో తేలిన మనిషి ఆ తీరంలో ఆయనొక్కడే. పదకొండు రెక్కలు కట్టాడు. మూడుసార్లు ఎముకలు విరగ్గొట్టుకున్నాడు. ఊరు ఆయన్ని పిచ్చి సరంగు అంటుంది. జోగినాయుడు ఉస్తాదు అంటాడు. ఆయన చెయ్యి పడకుండా, మొత్తం తానే కట్టుకున్న మొదటి రెక్క ఇది.

శనివారం మధ్యాహ్నం సరంగు చంకలో చాప పెట్టుకుని వచ్చాడు.

"అయిందేట్రా?"

"అయింది ఉస్తాదూ."

"బాగుందా?"

"బాగుంది."

"అయితే బోర్లించు. ఇసక ఎత్తుదాం."

ఈ పరీక్ష సంగతి జోగినాయుడు విన్నాడే గాని ఎప్పుడూ చూడలేదు. ఎగిరేటప్పుడు గాలి రెక్కను కింద నుంచి పైకి తోస్తుంది. అందుకని నేల మీద దాన్ని తలకిందులు చేసి, నడుమ ఎత్తుబల్లకి బిగించి, పైన ఇసక బస్తాలు పేరుస్తారు. మనిషి బరువుకి మూడింతలు మోస్తే ఎగరొచ్చు. పగులుకి దూరంగా, ఎడమపక్కనే ఎక్కువ బస్తాలు పెట్టెయ్యాలని అతను ముందే అనుకుని ఉన్నాడు.

ఇద్దరూ రెక్కను తిరగేసి బల్ల మీదికి ఎక్కించాక, దావూదు సరంగు దాని కింద, కుడిపక్కన చాప పరిచాడు. వంగి లోపలికి దూరి, కాళ్ళు మడిచి కూర్చున్నాడు. జేబులోంచి జపమాల తీశాడు.

జోగినాయుడు వంగి కిందకి చూశాడు.

"అక్కడ కూచున్నారేటి ఉస్తాదూ?"

"నేనెప్పుడూ ఇక్కడే కూచుంటాను. నా నెత్తి మీదకి ఎత్తు."

"వద్దు, బయటికి రండి. ఏదైనా అయితే..."

"ఏటవుద్ది? బాగుందన్నావు గదా. ఎత్తు."

మొదటి బస్తా ఎడమపక్క పెట్టబోయాడు. కింద నుంచి ఒక వేలు బయటికొచ్చి కుడిపక్క చూపించింది. అక్కడే పెట్టాడు. రెండోదీ అక్కడే. మూడోదీ అంతే. నాలుగోది పెడుతుంటే వెదురు కిర్రుమంది. కింద జపమాల పూసల చప్పుడు మాత్రం ఆగలేదు. ముసలాయన తెల్లటోపీకి, వెదురుకి నడుమ బెత్తెడు కూడా లేదు.

ఐదో బస్తా గుండెలకి హత్తుకుని జోగినాయుడు అలాగే నిలబడిపోయాడు. చస్తే చస్తానని నిన్న ఎంత తేలిగ్గా అనుకున్నాడు! ఇప్పుడు ఆ టోపీ కింద మెడ చూస్తుంటే చేతులు ఆడడం లేదు.

"ఎత్తరా నాయనా."

బస్తా పక్కకి విసిరేశాడు. వంగి, ఉస్తాదు రెండు చేతులూ పట్టుకుని బయటికి ఈడ్చేశాడు. ఇద్దరూ ఇసకలో పడ్డారు.

"పగులుంది ఉస్తాదూ! పెద్ద వెదురులో పగులుంది. నేనే గుడ్డ అంటించి దాసేసినాను."

సరంగు లేచాడు. విసిరేసిన ఐదో బస్తాని ముక్కుతూ ఎత్తి రెక్క మీద పెట్టాడు.

ఫెళ్ళుమంది. కుడిపక్క రెక్కంతా ఒక్కసారిగా కుప్పకూలింది. బస్తాలు పగిలి ఇసక చాప మీద పడింది. చాప కనబడలేదు. ఆయన కూర్చున్న చోట, ఇసకలోంచి చీలిన వెదురు కొస ఒకటి నిటారుగా పైకి పొడుచుకొచ్చింది.

సరంగు వంగి ఆ కొసని తడిమి చూశాడు.

"ఎందుకు దాసినావు?" అన్నాడు సరంగు.

"ఎగిరేది నేనే గదా, పోతే నా పేణమే గదా అనుకున్నాను."

సరంగు ఇసకలోంచి చాప కొస లాగసాగాడు. జోగినాయుడు వెనకే వెళ్ళాడు.

"మీకు ముందే తెలుసు. నాకు బుద్ధి చెప్పడానికే కూచున్నారు. తెలుసు గదా ఉస్తాదూ? తెలుసని చెప్పండి!" అని ఏడ్చాడు.

ముసలాయన అతని వైపు తిరిగాడు. చేతిలో జపమాల పూసలు ఆగిపోయాయి.

"తెలిస్తే ఎందుకు కూచుంటాన్రా? బాగుందని నువ్వే అన్నావు గదా."