నాంచారమ్మ తెడ్డు

కూతురు కళ్ళ ముందుంటే ఒక దిగులు, లేకపోతే వెయ్యి దిగుళ్ళు. నాంచారమ్మకు రెండు రోజులుగా ఇదే వరస.

వాళ్ళ ఇల్లు కొల్లేటి లంకలో. కాలేజీ అవతలి ఒడ్డున. ఉష రోజూ దోనె వేసుకుని వెళ్ళొచ్చేది. మొన్న ఈదురుగాలికి ఆ దోనె కాస్తా తిరగబడింది. పిల్ల ఈదుకుంటూ వచ్చి, తడిబట్టలతో నవ్వుతూ గుమ్మంలో నిలబడింది. ఆ నవ్వే తల్లి గుండెలో గుచ్చుకుంది.

"చదువూ వద్దు, ఏమీ వద్దు. ఇంట్లో పడుండు" అంది. ఆ పూట నుంచి ఉష నోట మాట లేదు, కంచంలో చెయ్యి లేదు.

తెల్లారగానే నాంచారమ్మ తన గురువు మౌలా సాహెబు దగ్గరికి పరుగెత్తింది. ఆయన రేవులో ముఖం కడుక్కుంటున్నారు.

"బాబా, నీటిగండం తగలకుండా పిల్లకు తాయెత్తు కట్టండి. అదుంటేనే పంపిస్తాను. లేకపోతే నావల్ల కాదు."

"కడదాంలే. ముందు నన్ను ఆ ఒడ్డున దించు తల్లీ" అని ఆయన వెళ్ళి రేవులో కట్టి ఉన్న దోనెలో కూర్చున్నారు.

ఎప్పుడో పెళ్ళికి ముందు పట్టిన తెడ్డు. ఇటొక పోటు, అటొక పోటు, ఊపిరి తీసుకోకుండా వేసింది. నీళ్ళు గురువుగారి గడ్డం మీద చిమ్మాయి. దోనె ఊగుతోంది గానీ సాగడం లేదు.

"ఏం తల్లీ, గంజి అడుగంటుతుందనా, అలా కలిపేస్తున్నావ్?"

ఆమెకు నవ్వు రాలేదు.

"ఒకసారి తెడ్డు ఎత్తు" అన్నారాయన.

"అమ్మో! ఎత్తితే ఎటు పోతుందో!"

"ఎత్తు, చూద్దాం."

పళ్ళు బిగించి ఎత్తింది. తెడ్డు కొస నుంచి చుక్కలు రాలాయి. దోనె ఊగడం మానింది. నీటి మీది గుర్రపుడెక్కను పక్కకు నెట్టుకుంటూ, తనంతట తానే మెల్లగా జారిపోయింది. ఆమె చేతులు మాత్రం ఆగలేకపోతున్నాయి.

"ఇక వెయ్యనా బాబా?"

"నడుస్తోందిగా."

అంతలో గాలి విసిరింది. దోనె మూతి కాస్త పక్కకు తిరిగింది. నాంచారమ్మ కేకేసింది.

"చూశారా! నా పిల్లనూ ఇలాగే గాలికి వదిలెయ్యమంటారా?"

మౌలా సాహెబు గడ్డం తుడుచుకున్నారు.

"ఎత్తమన్నాను నాంచారీ. పారెయ్యమన్నానా?"