శెట్టిగారి మూడు మునకలు

ఉప్పుగల్లు రేవులో రత్నాకరశెట్టి ఓడ లంగరు వేసిందంటే జాలర్ల గుండె గుభేలుమనేది. ఓడ అడుగున చేరిన తారూ చమురూ కలిసిన మురుగంతా అతని మనుషులు అక్కడే సముద్రంలో గుమ్మరించేవారు. వలలు నల్లబడేవి, చేపలు వెల్లకిలా తేలేవి. చివరికి చేపలమ్ముకునే నూకాలు వెళ్ళి రాజుగారికి మొరపెట్టుకుంది. రాజు శెట్టిని పిలిపించి అడిగాడు.

"సముద్రమెంత, నా మురుగెంత మహారాజా!" అని శెట్టి నవ్వేశాడు. "ఒక్క కెరటం వస్తే ఆనవాలైనా మిగలదు."

రాజు తలూపాడు. నూకాలు కూడా తలూపింది.

"శెట్టిగారు చెబితే అంతే మారాజా. రేపు గంగపూజ కదా, ఓడ కదిలేముందు యజమాని సముద్రంలో మూడు మునకలెయ్యాలి. బాబుగారు ఏటా పల్లకీ ఎక్కి రెండు కోసుల అవతలికెళ్ళి మునిగొస్తారు. పెద్దవారికి అంత శ్రమెందుకు? ఈసారి వారి ఓడ పక్కనే మునగమనండి. తమరూ చూద్దురుగాని."

మర్నాడు ఊరంతా ఒడ్డున చేరింది. తెల్ల పట్టుపంచెతో వచ్చిన శెట్టి మోకాలిలోతు దిగి, పంచెకంటిన నల్లటి జిడ్డు చూసుకుని ఆగిపోయాడు.

"మునుగు శెట్టీ," అన్నాడు రాజు.

"మూడు రోజులు గడువిప్పించండి మహారాజా... శుభ్రం చేయించి మునుగుతాను."

"మూడు రోజులెందుకు బాబూ?" అంది నూకాలు. "ఒక్క కెరటం రానీండి!"

ఒడ్డంతా పగలబడి నవ్వింది. రాజు ఎలాగో నవ్వాపుకుని, ఇకపై ప్రతి యజమానీ తన ఓడ పక్కనే మునగాలని ఆజ్ఞాపించాడు.

ఆ రేవుకు కాపలా పెట్టాల్సిన పనే లేకపోయింది. మురుగును పీపాల్లో నింపి ఒడ్డుకు దించే రోజు అందరికంటే ముందు శెట్టే వచ్చి, ఒక్క చుక్క ఒలక్కుండా దగ్గరుండి చూసుకునేవాడు.