విఠలయ్య తెచ్చిన నిప్పు

అంకం విఠలయ్య కుడిచేయి పడిపోయి ఎనిమిది నెలలైంది. అతను నేత మనిషి. నేత మనిషికి చేయి పడిపోతే మగ్గం కూడా పడిపోయినట్టే. పక్క ఊరి ఆసామి ఒకడు రేపు పొద్దున బండి కట్టుకొచ్చి ఆ మగ్గాన్ని విప్పి తీసుకుపోతానన్నాడు. విఠలయ్య సరే అనేశాడు. అన్నప్పటినుంచీ అతనికి అన్నం సయించలేదు. గురువుకు ఒక్క మాట చెప్పి అమ్ముదామని ముసురులో తడుస్తూనే బయలుదేరాడు.

ఆ గురువుకు ఆశ్రమమూ లేదు, కాషాయమూ లేదు. పేరు సిద్దోజి, చేసేది కమ్మరిపని. సోమవారం సాయంత్రాలు కొలిమి పక్కన చాప పరిచి తత్వాలు పాడించేవాడు. ఎవరైనా మోక్షం సంగతి ఎత్తితే, "ముందుగాల ఆ తిత్తి ఊదు" అని నిప్పు దగ్గర కూర్చోబెట్టేవాడు. సగంమంది శిష్యులు ఆ తిత్తి దగ్గరే రాలిపోయారు.

విఠలయ్య మాత్రం పన్నెండేళ్లు నిలిచాడు. మంచివాడు, మంచి గొంతు. ఒక్కటే తక్కువ, ఓపిక. మొక్క నాటి మర్నాడే పీకి వేరు చూసుకునే రకం.

చేయి పడిపోయినప్పుడు పట్నం డాక్టరు సాధన చెప్పి పంపాడు. గుడ్డ ఉండ పిసకాలి, మణికట్టు తిప్పాలి, రోజూ పూటపూటా చేయాలి. విఠలయ్య నాలుగుసార్లు పిసికి గుప్పిట విప్పి చూసుకునేవాడు. ఏమీ మారేది కాదు. ఇంకో నాలుగుసార్లు పిసికి మళ్లీ చూసుకునేవాడు. ఆ తర్వాత ఉండను గోడకేసి కొట్టేవాడు. వారం పోయాక భార్య లచ్చవ్వ బతిమాలితే మళ్లీ మొదటినుంచి.

అతను కొలిమి దగ్గరికి చేరేసరికి అక్కడ ఎంకటి అనే రైతు నాగలి కర్రు చంకన పెట్టుకుని నిలబడి ఉన్నాడు. మగ్గం కొనే ఆసామి ఊరే ఎంకటిది కూడా. కర్రు మొద్దుబారింది, సాగదీయించుకోవడానికి వచ్చాడు. కానీ ముసురుకు కప్పు కారి, బూడిద కింద దాచిన నిప్పంతా చచ్చిపోయింది. సిద్దోజి తడిబొగ్గులు ఎత్తిపోసి పొడివి పేరుస్తున్నాడు.

"అయ్యా, మగ్గం అమ్ముతున్న," అన్నాడు విఠలయ్య.

"ఎందుకు?"

"ఈ చెయ్యి ఇంక రాదు. ఎనిమిది నెలలు కష్టపడ్డ. ఆ కష్టమంత యాడికి పోయిందో తెల్వది."

తండ్రి నేసిన మగ్గం అది. దుఃఖం కనబడకుండా తలగుడ్డతో మొహం తుడుచుకున్నాడు.

ఈలోగా ఎంకటి అంగీ జేబులోంచి అగ్గిపెట్టె తీసి చేయి చాచాడు. "ఇగో తాతా."

"లోపల పెట్టు," అన్నాడు సిద్దోజి. "ఇయ్యాల అగ్గి విఠలయ్య తెస్తడు."

గుప్పెడు పొడిదూది తెచ్చి పక్కన పెట్టాడు. చిటికెన వేలికన్నా సన్నటి ఇనుపచువ్వ ఒకటి వెతికి, దాని కొనను ఇనుపదిమ్మె మీద, దాగలి మీద ఆనించాడు. చిన్న సుత్తె విఠలయ్య ఎడమచేతికిచ్చాడు.

"దీంతోని కొట్టు. కుడిచేత్తోని చువ్వ పట్టు."

"ఆ చెయ్యి పట్టదయ్యా."

"పట్టకుంటే కిందపడ్తది. ఇనుమే గద, పగలదు."

విఠలయ్య చువ్వను వేళ్ల మధ్య ఇరికించుకున్నాడు. ఒక దెబ్బ కొట్టి, సుత్తె పక్కన పెట్టి, కొనను తాకి చూశాడు. ఇంకోటి కొట్టాడు, మళ్లీ తాకాడు. పది దెబ్బలకు పదిసార్లు తాకాడు.

"చల్లగనే ఉందయ్యా."

"దెబ్బదెబ్బకు వేడి పుడ్తనే ఉంది. నువ్వు తడిమి చూసేలోపల సగం దాగలి తాగింది, సగం గాలి ఎత్కపోయింది."

విఠలయ్య నమ్మలేదు. గురువంటే భయం కనక పైకి అనలేదు.

సిద్దోజి సుత్తె లాక్కున్నాడు. "నేను కొడ్త. దెబ్బ దెబ్బకు నువ్వు చువ్వను తిప్పు. చూడకు."

"ఏం చూడొద్దు?"

"ఏదీ చూడకు."

డెబ్బై ఏళ్ల ముసలాయన. సుత్తె ఎత్తాడంటే పేలాలు పేలినట్టే దెబ్బలు. చువ్వ తిప్పడం ఆలస్యమైతే దెబ్బ అదురు మోచేతిదాకా పాకుతుంది. మొదట రెండుసార్లు చువ్వ జారింది, ఎత్తి పట్టుకున్నాడు. మూడోసారి జారబోయి ఆగింది. ఆ తర్వాత విఠలయ్యకు చెమటలు పట్టాయి. మగ్గం మరిచిపోయాడు, రేపు రాబోయే బండి మరిచిపోయాడు. తిప్పుతున్నది ఏ చేత్తోనో కూడా మరిచిపోయాడు.

"తాతా!" అని ఎంకటి కేకేశాడు.

చువ్వ కొన ముదురు ఎరుపులో మెరుస్తోంది.

"చూస్తవేంది, దూదిల పెట్టు!" అన్నాడు సిద్దోజి ఆయాసపడుతూ.

విఠలయ్య గబుక్కున చువ్వను తిప్పి పొడిదూదిలో గుచ్చాడు. పొగ లేచింది. వంగి ఊదాడు. మంట వచ్చింది. దాన్ని బొగ్గుల కిందికి తోసి, ఎంకటి తిత్తి అందుకున్నాడు.

సిద్దోజి గోడకు ఆనుకుని కూర్చుని చెంబెడు నీళ్లు తాగాడు. "ఎంకటీ, గీ అగ్గి యాడికెళ్లి వచ్చింది?"

"నీ సుత్తెకెళ్లి."

"సుత్తెకు బలం?"

"నీ రెక్కలది."

"రెక్కలకు?"

"పొద్దుగాల తిన్న రొట్టెది."

"రొట్టెల జొన్నకు?"

ఎంకటి రైతు కాబట్టి ఎక్కువసేపు బుర్ర గోక్కోలేదు. "ఎండ తాతా. పోయిన కాలంల కాసిన ఎండ."

"మరి గీ బొగ్గుల?"

"అదీ ఒకప్పటి చెట్టే గద. అదీ ఎండే."

సిద్దోజి బయటికి చూశాడు. ముసురు పట్టి నాలుగు రోజులు, ఆకాశంలో ఎక్కడా వెలుగు లేదు. "పోయిందనుకున్నం," అన్నాడు. "యాడికీ పోలే."

చువ్వ ఇంకా విఠలయ్య కుడి గుప్పిట్లోనే ఉంది. వేళ్లు ఎంత గట్టిగా బిగుసుకున్నాయంటే, వాటిని విప్పడానికి ఎడమచేయి సాయం కావలసి వచ్చింది. అతని కళ్లు చెమ్మగిల్లాయి, ఈసారి తుడుచుకోలేదు. సిద్దోజి ఆ చేతి వంక చూడనైనా చూడలేదు. లేచి కర్రు నిప్పుల్లో పెట్టాడు.

కర్రు ఎర్రబడింది, సాగింది, నీళ్లలో చుయ్యిమంది. ఎంకటి దాన్ని గోనెలో చుట్టుకుని బయలుదేరబోతుంటే విఠలయ్య పిలిచాడు.

"ఎంకటన్నా, మీ ఊరి ఆసామికి ఒక మాట జెప్పు. రేపు బండి కట్టొద్దని."

"ఎందుకని అడుగుతే?"

విఠలయ్య చువ్వను మళ్లీ కుడిచేతిలోకి తీసుకున్నాడు.

"విఠలయ్య ఇంకా కొడ్తనే ఉన్నడని జెప్పు."

ఎంకటికి ఒక్క ముక్క అర్థం కాలేదు. ఇదేం మాట అన్నట్టు సిద్దోజి వైపు చూశాడు.

"గట్లనే జెప్పు," అన్నాడు సిద్దోజి. "ఆసామికి సమజ్ గాకున్నా సరే. బండి ఆగుతే చాలు."