నూకాలు మింగిన కూత

గుమ్మలకోన అడవిలో దుప్పులు, కుందేళ్లు, ఏదుపందులు, కొండముచ్చులు కాపురం ఉండేవి. అడవికి పడమట దుప్పులు మేసే ఎత్తైన మెట్ట. తూర్పున లారీలు తిరిగే ఘాట్ రోడ్డు. రెండింటి నడుమ పల్లంలో ఒక వాగు పారేది. ఆ వాగు పక్కన గులకరాళ్ల మీద నూకాలు అనే ముసలి తీతువు పిట్ట ఒంటరిగా బతుకుతుండేది.

నూకాలుకి రెండు ఉద్యోగాలు. ఒకటి అడవి అప్పగించింది. రెండోది అడవి అంటగట్టింది.

అప్పగించింది మంటల కాపలా. మూడేళ్ల కిందట అడవి అంటుకున్నప్పుడు కోరయ్య అనే అడవిపంది వాగు బురదలోకి దూకి బతికాడు. ఆయన వెంట దూకినవాళ్లందరూ బతికారు. ఆ రోజు నుంచి కోరయ్య మంటల పెద్ద అయిపోయాడు. ఆయన పెట్టిన పద్ధతి ఒక్కటే. నూకాలు "వాగుకి! వాగుకి!" అని కూస్తే చాలు, ఎందుకని అడక్కుండా అందరూ వాగులోకి దూకాలి.

నెలనెలా దానికి సాధన ఉండేది. నిన్న పుట్టిన పిల్లకి కూడా ఆ కూత వింటే కాళ్లు వాగు వైపే లేచేవి. పేరంతా కోరయ్యది. శివరాత్రి నుంచి తొలకరి దాకా కునుకు లేకుండా కొండల చుట్టూ తిరగడం మాత్రం నూకాలు వంతు. రెక్కలు పీకుతున్నాయని చెప్పుకుందామన్నా వినేవాళ్లు లేరు.

ఎందుకు లేరంటే, రెండో ఉద్యోగం అలాంటిది. తీతువు అపశకునమని గుమ్మలకోన నమ్మకం. దారిలో నూకాలు ఎదురొస్తే దుప్పులు మూడుసార్లు ఉమ్మి, ఉన్నచోటే కాసేపు కూర్చుని, ఆ తర్వాత మళ్లీ బయలుదేరేవి. ఎవరి మొహంలోనూ చెడు రాసి ఉండదు. ఆ సంగతి గుమ్మలకోనకి చెప్పినవాళ్లే లేకపోయారు. పాపం నూకాలు, ఎవరికీ ఎదురుపడకుండా చుట్టు తిరిగి వెళ్లేది. ఆ చుట్టు తిరుగుడుతోనే ఆమెకి సగం ఓపిక అయిపోయేది.

ఒక వేసవి మధ్యాహ్నం ఘాట్ రోడ్డు మలుపులో పెద్ద టాంకరు ఒకటి బోల్తా పడింది. మంట వస్తుందని నూకాలు గొంతు సవరించుకుంది.

మంట రాలేదు. టాంకరు పగిలినచోట నుంచి పసుపుపచ్చ పొగ బయటికి వచ్చింది. నూకాలు ఎన్నో పొగలు చూసింది. పొగ అంటే పైకి లేస్తుంది. ఇది లేవడం లేదు. నీళ్లలా నేలని పట్టుకుని పల్లానికి దిగుతోంది. డ్రైవరూ, క్లీనరూ తడితువ్వాళ్లు ముక్కుకి అడ్డం పెట్టుకుని ఎత్తు వైపు పరుగెత్తుతున్నారు. పొగ దిగిన దారిలో ఒక ఉడత చెట్టు మీంచి రాలి పడింది. మళ్లీ లేవలేదు.

ఆ పొగ వాగు వైపే వెళ్తోంది. కాసేపట్లో దుప్పులు నీళ్లకి దిగే వేళ.

నూకాలు కూత వేయడానికి నోరు తెరిచింది. తెరిచి, టక్కున మూసేసింది. తను కూస్తే గుమ్మలకోన మొత్తం వాగులోకే దూకుతుంది. ఆమెకి ఇంకో కూత రాదు. ఇన్నేళ్లూ ఎవరూ అడగలేదు, ఆమే నేర్చుకోలేదు.

ఆమె ముందుగా కోరయ్య దగ్గరికి వెళ్లింది. ఆయన వాగు గట్టున కోరలు రాయికేసి రుద్దుకుంటున్నాడు.

"కోరయ్యగారూ, అది మంట పొగ కాదండీ. ఏదో విషం. పల్లంలోకి దిగుతోంది. అందరినీ మెట్ట ఎక్కించాలి."

కోరయ్య తల ఎత్తి చూశాడు. "పొగే కదే నూకాలూ! పొగ వస్తే ఏం చేయాలో నాకు నువ్వు చెప్పాలా? నీ పని కూయడం. కూయి."

"కూయనండీ. కూస్తే చస్తారు."

"మూడేళ్ల కిందట ఎవరు చచ్చారే? నా మాట విన్నవాడు ఒక్కడైనా చచ్చాడా?" అంటూ కోరయ్య మెడ మీది వెంట్రుకలు నిక్కించాడు. "సరే, నువ్వు కూయకపోతే నేనే పిలుస్తాను. పెద్ద అన్నవాడు ముందు దిగితే వెనకవాళ్లు వాళ్లే వస్తారు."

ఆయన దర్జాగా వాగులోకి దిగి, నడిబురదలో దొర్లి పడుకున్నాడు. ఆయన చెడ్డవాడు కాదు. ఒకసారి నెగ్గాడు, అంతే. ఆ నెగ్గడమే ఆయన కళ్లు కప్పేసింది.

నూకాలుకి వాదించే ఓపిక లేదు. మెట్ట వైపు ఎగిరింది. అప్పటికే దుప్పులు కాలిబాట పట్టి దిగుతున్నాయి. నలభై దుప్పులు, వాటి పిల్లలు. ముందు పోలమ్మ నడుస్తోంది. మందకి ఆమే పెద్దదిక్కు. గాలి వాళ్ల వీపు వైపు నుంచి వీస్తోంది. అందుకే వాళ్లకి ఏ వాసనా తెలియడం లేదు.

"పోలమ్మా, వాగులో..." అని నూకాలు మొదలుపెట్టింది.

"నోరు తెరవకు తల్లీ, నీళ్లకి పోతున్నాం!" అని పోలమ్మ చెవులు వెనక్కి మడిచేసింది. మిగతావాళ్లూ మడిచేశారు. ఎదురొచ్చిన తీతువు మాట చెవిన పడితే ఇంకా కీడని వాళ్ల భయం.

మాట వినరు. కూత వేయకూడదు. ఇక తనకి మిగిలిందల్లా తన మొహమే అని నూకాలుకి తోచింది.

ఆమె బాట మధ్యలో దిగింది. ఎన్నో ఏళ్లుగా ఎవరికీ చూపకుండా దాచుకున్న మొహాన్ని పైకెత్తి, మందకి ఎదురుగా నడిచింది.

"ఛీ! ఛీ! ఛీ!" అని దుప్పులన్నీ ఉమ్మాయి. ఉన్నచోటే కూలబడ్డాయి. ఆమెకి కావలసింది అదే. అయినా ఆ ఉమ్ము ఆమెని బాధపెట్టింది.

కాసేపటికి దుప్పులు లేచాయి. నూకాలు మళ్లీ ఎదురొచ్చింది. మళ్లీ ఉమ్మాయి, మళ్లీ కూర్చున్నాయి. మూడోసారి లేచాయి. ఆమె మళ్లీ ఎదురొచ్చింది. పిల్లలు దాహమని ఏడుస్తున్నాయి. పోలమ్మకి ఒళ్లు మండిపోయింది.

"ఏటే ఇది? పగబట్టావేటే మా మీద?" అని గిట్టతో ఒక్క తన్ను తన్నింది. నూకాలు దొర్లుకుంటూ పోయి రాయికి కొట్టుకుంది. ఎడమ రెక్క కిందికి వేలాడిపోయింది.

అప్పుడే పల్లం నుంచి కోరయ్య గొంతు వినిపించింది. ముందు దగ్గు, తర్వాత మాట.

"నూకాలూ! కళ్లు కనబడటం లేదే! గట్టు ఎటుందో తెలియడం లేదు! ఒక్కసారి కూయవే, నీ గొంతు పట్టుకుని వచ్చేస్తాను!"

దుప్పులు చెవులు నిక్కించాయి. నలభై దుప్పుల గిట్టలు నేలని దువ్వుతున్నాయి. ఇప్పుడు ఒక్క కూత వినబడితే చాలు, మెట్ట మీది నుంచి బండరాళ్లు దొర్లినట్టు వాగులో పడతాయి. నూకాలుకి అది తెలుసు. కోరయ్య ఈ ఒక్క కూతతో బతకొచ్చని కూడా తెలుసు. తన మామూలు మాట అంత దూరం వెళ్లదు. విరిగిన రెక్కతో తను వెళ్లడం కుదరదు.

"నూకాలూ..." అని మళ్లీ వినిపించింది.

నూకాలు ముక్కుని మట్టిలో గుచ్చి గట్టిగా మూసుకుంది. కూత గొంతు దాకా వచ్చింది. మింగేసింది. మళ్లీ వచ్చింది. మళ్లీ మింగేసింది. కోరయ్య మూడోసారి పిలవలేదు.

కాసేపటికి గాలి ఒక్కసారి మళ్లింది. ఘాటైన వాసన సన్నగా మెట్ట మీదికి వచ్చింది. ముందువరసలో ఉన్న పిల్లలు దగ్గాయి. పోలమ్మ కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఆమె కిందికి చూసింది. వాగు కనిపించలేదు. వాగు ఉండాల్సినచోట పసుపుపచ్చ పొగ నిండుగా ఉంది. గట్టు మీద కొంగలు తెల్లగా పడి ఉన్నాయి.

పోలమ్మ "వెనక్కి! ఎత్తుకి పదండర్రా!" అని అరిచింది. పిల్లల్ని ముందుకు తోసింది. రాయి పక్కన పడి ఉన్న నూకాలుని నోట కరుచుకుని తనూ పరుగెత్తింది. దారిలో కనబడిన కుందేళ్లనీ, ఏదుపందులనీ, కొండముచ్చులనీ కూడా ఎత్తుకి తరిమింది.

సాయంత్రానికి రోడ్డు మీదికి ఎర్రబండ్లు వచ్చాయి. మొహాలకి తొడుగులు వేసుకున్న మనుషులు గొట్టాలతో నీళ్లు చిమ్మి, రెండు రోజులకి ఆ పొగని అణిచారు. మెట్ట మీద అందరూ ఆకుల తడి నాకి బతికారు. మూడో రోజున పోలమ్మ పై నుంచి చూసి వచ్చింది. కోరయ్య నడిబురదలోనే ఉన్నాడని చెప్పింది.

నూకాలు విరిగిన రెక్కని ముక్కుతో దగ్గరికి లాక్కుంది.

"అప్పా," అని పిలిచింది పోలమ్మ. అడవిలో ఎవరూ నూకాలుని అంతకుముందు అక్క వరస కలిపి అప్పా అనలేదు. "ఆ రోజు నువ్వు కూసి ఉంటే?"

"మీరందరూ దూకేవాళ్లు."

"మరి ఆయన?"

"బయటపడేవాడేమో," అంది నూకాలు. "నాకదే నిద్ర పట్టనివ్వడం లేదమ్మా."

పోలమ్మ తల దించుకుంది. "కాలు చేసుకున్నాను. చెవులు మూసుకున్నాను. నీ మొహం చూసి ఉమ్మాను. ఆ మొహమే లేకపోతే నా పిల్లలు లేరు. తప్పయిపోయిందప్పా."

ఆ రోజు అందరూ కూడి ఒక కొత్త పద్ధతి పెట్టుకున్నారు. కూత వినబడగానే పరుగెత్తకూడదు. ముందు పొగ పైకి పోతోందా, కిందికి దిగుతోందా చూడాలి. గాలి ఎటు వీస్తోందో చూడాలి. నూకాలుని మంటల పెద్దగా ఉండమన్నారు.

"పెద్దరికం సంగతి తర్వాత చూద్దాం," అంది నూకాలు. "అలిసిపోయాను. నన్ను పడుకోనివ్వండి."

కాపలాకి దుప్పులు వంతులు వేసుకున్నాయి. పోలమ్మ ఎండుగడ్డి పరిచి, గాలి తగలకుండా అడ్డంగా పడుకుంది. ఆ నీడలో నూకాలు కళ్లు మూసింది.

కాసేపటికి నిద్రలోనే ఆమె గొంతు చించుకుని కూసింది.

"వాగుకి! వాగుకి!"

దుప్పిపిల్ల ఒకటి దిగ్గున లేచింది. దాని కాళ్లు వాగు వైపు తిరిగాయి. పోలమ్మ దాని మెడకి తన మెడ అడ్డం పెట్టింది.

"ఆగమ్మా. ముందు గాలి చూడు."

పిల్ల ముక్కు పైకెత్తి గాలి చూసింది. అందరూ చూశారు. ఎక్కడా పొగ లేదు. ఎవరూ పరుగెత్తలేదు. నూకాలు ఇంకో రెండుసార్లు కూసింది. అది కోరయ్య కోసమని పోలమ్మకి తెలిసింది. ఆమెని లేపలేదు.

నీతి: ఒక ఆపదలో కాపాడిన దారే ఇంకో ఆపదలో ముంచవచ్చు. వచ్చిన ఆపద ఏమిటో చూసి అడుగు వేయాలి. దాన్ని ముందుగా చూసినవారి మొహం నచ్చకపోయినా మాట వినాలి.