గౌరప్ప ఒలిచిన బేరిపండ్లు

అనగనగా అంటాను, ఊ కొట్టండి మరి.

మూడు కొండల నడుమ ఒక రాజ్యం. దాన్ని ఏలే రాజు కీర్తిసేనుడు. రాజుగారికి తీపంటే ప్రాణం, ఆకుకూరంటే ఆమడ దూరం. ఆయన వంటశాలకు పెద్ద గౌరప్ప. అతని సున్నుండ నోట్లో వేసుకుంటే వెన్నలా కరిగేది. రోజూ భోజనమయ్యాక రాజు తన చేత్తో అతనికి తాంబూలం ఇచ్చి, "నీ చేతిలో అమృతముందయ్యా!" అనేవాడు. ఆ మాటే గౌరప్పకు ఆస్తి.

కొన్నాళ్లకు రాజుగారి కడుపు బిగుసుకుపోయింది. ఉదయం కాలకృత్యం తీరక సభకు ఆలస్యంగా వచ్చేవాడు. వచ్చినా విసుక్కునేవాడు. కషాయాలు తాగితే ఒకపూట నయం, మరుపూట మామూలే.

అప్పుడు గంగులమ్మ అనే కొండ మనిషి ఒక బుట్ట మోసుకొచ్చింది. అందులో మెడ సన్నగా, పొట్ట లావుగా ఉన్న పచ్చని బేరిపండ్లు.

"ఇది మందు కాదు దొరా, ఉత్త పండే. తొక్కతోనే బాగా నమిలి తినండి. దాని పీచు కడుపును కదిలిస్తుంది. పైన నీళ్లు తాగండి. తీపి కాస్త తగ్గించండి" అంది.

రాజు ఉదయాన్నే రెండేసి పండ్లు తిన్నాడు. వారం తిరిగేసరికి కడుపు తేలికైంది, ముఖం తేటపడింది. నిండు సభలో గంగులమ్మను పిలిచి తన చేత్తో తాంబూలం ఇచ్చాడు.

తలుపు పక్కన నిలబడి గౌరప్ప అది చూశాడు. గుండెలో నిప్పు పడ్డట్టయింది. 'ముప్పై ఏళ్లు పొయ్యి ముందు ఉడికింది నేను. చెట్టున కాసినదాన్ని కోసుకొచ్చి తాంబూలం పట్టుకుపోయింది ఆవిడా!' ఆనాటి నుంచి అతనికి అన్నం సహించలేదు. గంగులమ్మ నవ్వు వినబడితే చాలు, గరిటె గట్టిగా మోగేది.

ఒకరోజు గౌరప్ప పండ్ల తొక్క తీసి, తెల్లటి ముక్కలు వెండి పళ్లెంలో పెట్టాడు. "ప్రభువులు తొక్క నమలడమేమిటి?" అన్నాడు. రాజు మురిసిపోయాడు.

మరికొన్నాళ్లకు పండ్లు దంచి, బట్టలో పిండి, పంచదార కలిపి వట్టి రసం ఇచ్చాడు. "ప్రభువులకు నమిలే శ్రమ దేనికి?" అన్నాడు.

ఆపైన ఆ రసాన్నే పాకం పట్టి, నేతిలో హల్వా చేశాడు. రాజు గిన్నె నాకేశాడు.

నెల తిరక్కుండానే రాజుగారి కడుపు మునుపటికన్నా బిగుసుకుంది. ఆయన మండిపడ్డాడు. "ఆ గంగులమ్మ మోసగత్తె! మంచివి చూపించి ఇప్పుడు పనికిరానివి తెస్తోంది. ఆమె చెట్లు నరికేయండి. ఆమెను పొలిమేర దాటించండి!"

భటులు గొడ్డళ్లతో కదిలారు. ఆ పూట తాంబూలం మళ్లీ గౌరప్ప చేతికొచ్చింది. అతడు గాల్లో తేలుతూ ఇంటికి వెళ్లాడు.

ఇంట్లో అతని భార్య తాయారు రోట్లో పిండి దంచుతోంది. ఏళ్ల తరబడి కడుపు పట్టుకుని మూలిగే మనిషి ఆమె. ఆనాడు కూనిరాగం తీస్తోంది.

"ఏమిటే ఈ హుషారు?" అని అడిగాడు గౌరప్ప.

"మీతో చెబితే నవ్వుతారని చెప్పలేదండీ. దూడకని మీరు తెచ్చే ఆ తొక్కలు, పిప్పి ఎంతో బాగుంటేను, కడుక్కుని నేనే తింటున్నాను. నా కడుపు ఇంత సుఖంగా ఎన్నడూ లేదు. ఆ పండ్లు పండించే తల్లి ఎవరో, చల్లగా ఉండాలి!"

గౌరప్ప చేతిలోని తాంబూలం జారిపడింది.

"ఆ తల్లి చెట్లనే ఇప్పుడు నరుకుతున్నారే, తాయారూ."

"అయ్యో! ఆమె ఏం చేసిందనండీ?"

ఆ మాట వింటూనే గౌరప్ప వచ్చిన దారినే పరుగెత్తి రాజు కాళ్లమీద పడ్డాడు. "ప్రభూ, పండులో లోపం లేదు. మేలు చేసే పీచు నేను ఒలిచేశాను, పిండేశాను. మిగిలిన రసాన్ని పంచదారలో ముంచాను. మీ తాంబూలం ఆమెకు దక్కిందని ఓర్వలేకపోయాను."

రాజు వెంటనే గుర్రమెక్కి కొండకు వెళ్లాడు. గౌరప్ప వెనకే ఎగశ్వాసతో చేరాడు. అప్పటికే ఒక చెట్టు కూలిపోయింది. దాని మొద్దు దగ్గర గంగులమ్మ కూర్చుని ఉంది.

"విచారించకుండా ఆజ్ఞ ఇచ్చాను. తప్పు నాది కూడా" అన్నాడు రాజు తలవంచి. "ఇతనికి ఏ శిక్ష వేయమంటావో చెప్పు."

గంగులమ్మ గౌరప్ప వైపు చూసింది. "నా పండు తిన్నాక నీ సున్నుండ చేదైందన్నారా ఎవరైనా? నీకేం తక్కువైందయ్యా?"

గౌరప్ప ఆమె ముందు కూలబడి ఏడ్చాడు.

"కూలిన చెట్టుకు బదులు మొక్క నాటి, కాపుకొచ్చేదాకా నీళ్లు పొయ్యి. అదే శిక్ష" అంది.

గౌరప్ప ఏళ్ల తరబడి కొండెక్కి ఆ మొక్కకు నీళ్లు పోశాడు. రాజు ఉదయాన్నే తొక్కతో పండు తిన్నాడు, సున్నుండను పండుగలకే ఉంచుకున్నాడు.

ఒకరి మంచి మన మంచిని తగ్గించదు. అసూయ మాత్రం ఇద్దరి మేలునూ నరికేస్తుంది.