దొంగమేత ఎక్కడ, దొరా?

ఒకానొక రాజ్యంలో వానలు తక్కువ, రాళ్ళు ఎక్కువ. అయినా కోటకు ఉత్తరాన రెండు కోసుల పొడవున చక్కని పచ్చిక బయలు ఉండేది. దాన్ని చూస్తే రాజు ఉద్దండ భూపాలుడికి కడుపు నిండేది. తన గుర్రాల కోసం అందులో గడ్డి నడుమెత్తు పెరగాలని ఆయన ముచ్చట.

ఆస్థానంలో గుండయ శాస్త్రి అని ఒక పండితుడు. గడ్డికి నలభై పేర్లు చెప్పగలడు కానీ, కాలికి బురద అంటుతుందని గట్టు దిగడు. "ముట్టకుంటే పెరుగుతుంది, మేస్తే తరుగుతుంది" అని ఆయన సిద్ధాంతం. రాజు సరేనన్నాడు. బయలు చుట్టూ ముళ్ళకంచె వేయించి, లోపల ఏ పశువూ మూతి పెట్టరాదని చాటింపు వేయించాడు.

మొదటి ఏడు గడ్డి నడుమెత్తు పెరిగింది. శాస్త్రికి శాలువా కప్పారు. రెండో ఏడు ఆ గడ్డి నిలువునా ఎండి ఒరిగిపోయింది. మూడో ఏటికి బయలంతా బూడిదరంగు తిరిగి, నడుమ నడుమ ముళ్ళపొదలు లేచాయి. గుర్రాలను తోలితే వాసన చూసి తుమ్మి వెనక్కి వచ్చాయి.

రాజుకు బుర్ర తిరిగింది. "కాపలా పెంచినకొద్దీ గడ్డి తగ్గుతోందేమిటి శాస్త్రీ?"

శాస్త్రికీ ఏమీ అర్థం కాలేదు. కానీ తెలియదని ఒప్పుకుంటే శాలువా ఏం కావాలి? "దొంగమేత, మహాప్రభో!" అన్నాడు.

మర్నాడే భటులు బీరమ్మను పట్టుకొచ్చారు. ఆమె కురుమల ఆడపడుచు. భర్త పోయాక మందను తనే కాస్తోంది. కంచె సందులోంచి అరవై గొర్రెలతో బయటికొస్తూ దొరికిపోయింది.

"మేపావా?" అన్నాడు రాజు.

"మేపినాను దొరా. మూడేళ్ళ నుంచి."

"ఎంత ధైర్యం!"

"ధైర్యం కాదు దొరా, ఆకలి. నాది కాదు, వాటిది."

గొర్రెలన్నిటినీ కోట వంటశాలకు తోలమని తీర్పయింది. ఆ అరవై గొర్రెలే బీరమ్మ ఇల్లూ పొలమూ, కూడూ గుడ్డా. ఆమె కొంగు నడుముకు బిగించింది.

"నా గొర్రెలు మేయడం వల్లనే కదా బయలు పాడయింది? అయితే అవి మేసిన చోటేదో తమరే వేలు పెట్టి చూపండి. సరిగ్గా చూపితే నేనే వంటశాల గుంజకు కట్టేసి పోతా."

"తప్పితేనో?"

"తప్పితే నా గొర్రెలు నాకు."

"నేను తప్పడమా!" అని రాజు పరివారంతో బయలుదేరాడు.

కంచె దాటగానే, పుల్ల కూడా పచ్చగా లేని నేల చూపించి, "ఇదిగో!" అన్నాడు.

కావలివాడు గొంతు సవరించుకున్నాడు. "ప్రభూ, ఇక్కడ కాపలా నాదే. మూడేళ్ళుగా కుందేలు కూడా రాలేదు."

రాజు మరో బూడిద నేల చూపించాడు. అక్కడి కావలివాడూ అదే మాట. మూడోచోటా అంతే.

అప్పుడు బీరమ్మ వాళ్ళను, ఏ కావలివాడి కంటా పడని ఒక మిట్ట వెనక్కి తీసుకెళ్ళింది. అక్కడ మూరెడు ఎత్తున లేత గడ్డి గాలికి ఊగుతోంది. రాజు వంగి నేల మీదినుంచి నల్లని గుండ్రనిది ఒకటి తీశాడు. "ఇదేం గింజ, శాస్త్రీ?"

శాస్త్రి దాన్ని అటూ ఇటూ చూశాడు. "అపూర్వమైన బీజం, ప్రభో!"

"గొర్రె పెంటిక, దొరా" అంది బీరమ్మ. రాజు గబుక్కున వదిలేశాడు.

"అంటే నువ్వు మేపింది ఇక్కడా? దొంగ పడ్డ ఇంట్లో ధాన్యం పెరగడమేమిటి?"

"ఎండుగడ్డి మీద పడి ఉంటే అడుగున లేత పిలకకు ఎండ తగలదు దొరా, ఊపిరాడక చస్తుంది. గొర్రె పైగడ్డి కొరికితే మొదలుకు ఎండ దిగుతుంది. గిట్టలు గింజను మట్టిలోకి తొక్కుతాయి. పెంటిక ఎరువవుతుంది."

రాజు ఉత్సాహంగా చప్పట్లు కొట్టాడు. "అయితే కంచె పీకండి! గుర్రాలు, ఎడ్లు, ఏనుగులు, అన్నిటినీ రేపే తోలండి!"

"అయ్యో, ఆగండి దొరా! వారం తిరిగేసరికి మట్టి మిగులుతుంది."

రాజు తల పట్టుకున్నాడు. "మేపకుంటే పాడవుతుంది, మేపితే పాడవుతుంది! నన్నేం చేయమంటావే తల్లీ?"

"మేపాలి, మేపి వదిలెయ్యాలి. ఈ నేలను ఏడు చెక్కలు చేసుకున్నాను. గడ్డి పిడికిలెత్తు మిగలగానే మందను పక్క చెక్కకు తోలుతాను. మూరెడు పెరిగేదాకా మళ్ళీ అడుగు పెట్టను."

"ఇది ఏ శాస్త్రంలో ఉంది?" అన్నాడు గుండయ శాస్త్రి.

"తమరి శాస్త్రం గడ్డికెవరు చదివి వినిపించారు, అయ్యవారూ?"

రాజు పొట్ట పట్టుకుని నవ్వాడు. అరవై గొర్రెలూ ఆమెవేనన్నాడు. అంతటితో ఆగక, బయలు మొత్తం పెత్తనం ఆమెకే ఇచ్చాడు. రోజూ మంద వెనక నడిచి, పిడికిలి పెట్టి గడ్డి కొలిచే పని శాస్త్రికి అప్పగించాడు.

ఇక ఇంటికి పోదామని రాజు దగ్గరి దారిన గుర్రాన్ని మళ్ళించాడు. బీరమ్మ కర్ర అడ్డం పెట్టింది.

"ఆ చెక్క ఇంకా నిద్రలో ఉంది దొరా."

రాజు శాస్త్రి వంక చూశాడు. శాస్త్రి పంచె ఎగ్గట్టి, గట్టు దిగి, బురదలో గొంతుక్కూర్చుని మోచేయి ఆనించి కొలిచాడు.

"మూరెడు కాలేదు, ప్రభో."

ఉద్దండ భూపాలుడు గుర్రాన్ని మళ్ళించి చుట్టూ తిరిగి వెళ్ళాడు.